విప్పి ఉంచిన ఇంజను భాగములకు పట్టు తుప్పు: పరీక్ష, శుద్ధి, రక్షణ



తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు నిచ్చు ఏర్పాటు మొదలైన పిదప బావుల మీది ఆయిలింజనులు చాలవరకు మూలబడినవి. అయినను మన భూపాలపల్లి ప్రాంతమున మానేరు, చలివాగు, మోరంచవాగుల ఒడ్డులను, గోదావరి తీరమునను విద్యుత్తు తీగ చేరని పొలములు ఇంకను కలవు. అట్టి చోట్ల డీజిలు ఇంజనే దిక్కు. ట్రాక్టరునకును, కోతయంత్రమునకును ప్రాణము ఇంజనే. కావున ఇంజను విప్పి బాగుచేయు పని మన రైతులకు నేటికిని తప్పినది కాదు.

ఈ పని సాధారణముగా యాసంగి కోతలు ముగిసిన తరువాత, ఎండకాలములో మొదలగును. ఇంజను విప్పుటకు ఒక పూట చాలును. తిరిగి కూర్చుటకు మాత్రము నెలలు పట్టును. లైనరు దొరకలేదనియు, క్రాంకుషాఫ్టు వరంగల్లులో లేతు షాపునందు ఉన్నదనియు, చేతిలో పైకము లేదనియు దినములు గడచును. ఇంతలో రోహిణి పోయి మృగశిర కార్తె వచ్చును, తొలకరి కురియును. మూలను గోనెసంచిపై పెట్టిన భాగములను తీసి చూచునప్పటికి వానిపై ఎఱ్ఱని పొర కనబడును. అప్పుడు రైతు రెండింటిలో ఒక పొరపాటు చేయుచుండును. భయపడి, మంచి వస్తువును పాత ఇనుప సామానుల వానికి అమ్మివేయును. లేక ఎమరీ కాగితముతో మెరయునట్లు రుద్ది, చెడిన వస్తువును మరల ఇంజనులో బిగించును. మొదటి దానివలన ధనము పోవును. రెండవ దానివలన, నారుమడి నీటికై ఎదురుచూచు దినములలోనే ఇంజను ఆగిపోవును. కొనబోయిన కొరివి, అమ్మబోయిన అడవి అను సామెత ఇంజను సామానునకు చక్కగా వర్తించును.

కావున ఈ పాఠమున ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటే. తుప్పు పట్టినదా లేదా అని కాదు, తుప్పు క్రింద లోహము చెడకయున్నదా లేదా అని చూడవలెను. మెరుపు ఒకటి, కొలత మరియొకటి.

తుప్పు ఎట్లు పట్టును?

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, గాలిలోని ప్రాణవాయువు అను రెండును కలసియుండవలెను. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకున్నను తుప్పు రాదు. వాన చినుకు తగిలిననే తుప్పు పట్టుననుకొనుట పొరపాటు. గాలిలోని తేమ నూటికి అరువది పాళ్లను మించినచో, చుక్క నీరు కంటికి కనబడకున్నను, ఇనుముపై సన్నని తేమపొర ఏర్పడి తుప్పు వేగముగా సాగును. వానకాలమున మన ప్రాంతపు గాలిలో తేమ దీనిని సులభముగా దాటును. మరియు రాత్రి చల్లబడిన ఇనుప దిమ్మ తెల్లవారిన వెంటనే వేడెక్కదు. చుట్టునుగల వెచ్చని తేమగాలి దానిని తాకి, చల్లని చెంబుపై పట్టినట్లు చెమ్మ పట్టును. ఇంటిలోపల, కప్పు క్రింద పెట్టిన భాగములు సైతము తుప్పు పట్టుటకు కారణము ఇదియే.

ఉప్పు తగిలినచో తుప్పు మరింత వేగపడును. మన చేతి చెమటలో ఉప్పు కలదు. శుభ్రముగా తుడిచిన పిస్టను పిన్నును వట్టి చేతితో పట్టి పెట్టినచో కొన్ని దినములకు దానిపై వ్రేళ్ల గుర్తులు ఎఱ్ఱగా తేలుట మీరు చూచియుందురు. ఎరువుల సంచులు అంతకన్న అపాయకరములు. యూరియా గాలినుండి తేమను పీల్చును. పొటాషు ఎరువు ఉప్పు జాతిది. పశువుల కొట్టములోని మూత్రపు ఆవిరి, బ్యాటరీనుండి వచ్చు ఆమ్లపు ఆవిరి కూడ ఇనుమునకు శత్రువులే. మన ఇండ్లలో ఎరువులు, బ్యాటరీ, విప్పిన ఇంజను ఈ మూడును ఒకే కొట్టులో చేరుచుండుట శోచనీయము.

ఢిల్లీలోని ఇనుప స్తంభము సుమారు పదునారువందల ఏండ్లనుండి వానలో నిలిచియుండియు చెడలేదు గదా, మన ఇనుమెందులకు చెడవలెనని కొందరు అడుగుదురు. ఆ స్తంభపు ఇనుములో భాస్వరము అధికము. దానివలన ఉపరితలమున గట్టి రక్షణపొర ఏర్పడినది. మన క్రాంకుషాఫ్టు ఉక్కునకుగాని, లైనరు పోత ఇనుమునకుగాని అట్టి కవచము లేదు. వానిపై లేచిన తుప్పు, తాను తిన్న ఇనుముకన్న రెండింతలకు మించిన చోటాక్రమించి, గుల్లయై, తేమను మరల లోనికి పీల్చుచుండును. తుప్పే తుప్పును పెంచునని మన పెద్దలు కనిపెట్టినది నిజము.

పైతుప్పు, గుంటతుప్పు

తుప్పులో రెండు రకములు. మొదటిది పైతుప్పు. ఇది నారింజ వన్నెగల పలుచని పొడి. నూనె గుడ్డతో రుద్దగా చాలవరకు పోవును. దాని క్రింద లోహము నునుపుగానే యుండును. మహా అయిన నల్లని మచ్చ మిగులును. మచ్చ వలన కీడు లేదు.

రెండవది గుంటతుప్పు. ఇది ముదురు గోధుమ వన్నెతో పొలుసులుగా లేచియుండును. తీసివేసిన పిదప చిన్న చిన్న గుంటలు కనబడును. గుంటను రుద్ది పోగొట్టుట సాధ్యము కాదు. దాని చుట్టునున్న మంచి లోహమును తగ్గించుటయే జరుగును.

ఈ రెంటిని గుర్తించుటకు సులభమైన పరీక్ష గోటి పరీక్ష. మొదట భాగమును కిరసనాయిలులో నానవేసి, గట్టి గుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టుము. తరువాత బొటనవ్రేలి గోటిని మచ్చకు అడ్డముగా మెల్లగా లాగుము. గోరు జారిపోయినచో పైతుప్పు, తట్టుకొన్నచో గుంట. ఏటవాలు వెలుతురులో చూచినచో గుంట అంచు నీడ వేయును. భూతద్దమున్నచో మరింత మేలు. ఈ పరీక్షకు కానీ ఖర్చు లేదు. మేస్త్రీ మాటకై వేచియుండ నక్కరలేదు.

గోటి పరీక్షలో నిలిచిన భాగమును తరువాత కొలువవలెను. క్రాంకుషాఫ్టు మెడలను, పిస్టను పిన్నును మైక్రోమీటరుతో కొలిచి, ఇంజను తయారించినవారి పుస్తకములోని కొలతతో పోల్చవలెను. ఒకే మెడను ఎదురెదురుగా ఒకసారి, దానికి అడ్డముగా ఒకసారి కొలిచినచో అది గుండ్రముగా ఉన్నదో, అరిగి కోడిగ్రుడ్డు వలె అయినదో తెలియును.

ఏ భాగము ఉంచవలెను, ఏది పారవేయవలెను?

మన పొలములలోని పాత ఇంజనులు ముఖ్యముగా రెండు తెగలు. మెల్లగా తిరుగు, పెద్ద ఫ్లైవీలు చక్రములుగల ఇంజను ఒకటి. దీని మూలము ఇంగ్లండులో డర్స్లీ పట్టణపు లిస్టరు కంపెనీ 1929లో వెలువరించిన నమూనా. రాజకోటలోని కర్మాగారములు దానిననుసరించి లెక్కకు మిక్కిలిగా చేసి దేశమంతట అమ్మినవి. రెండవది వేగముగా తిరుగు చిన్న ఇంజను. 1946లో పూనాలో స్థాపింపబడిన కిర్లోస్కరు ఆయిల్ ఇంజన్సు వంటి సంస్థలవి ఈ తెగలోనివి. తెగ ఏదైనను తుప్పు విషయమున తీర్పు ఒకటే.

సిలిండరు లైనరు: లోపలి గోడపై పైతుప్పు మాత్రమే ఉన్నచో శుద్ధిచేసి వాడవచ్చును. రింగులు నడచు చోట గోటికి తట్టు గుంటలున్నచో వాడరాదు. ఆ గుంటల అంచులు క్రొత్త రింగులను కొద్ది దినములలో కొరికివేయును. గుంటలలో నిలిచిన నూనె కాలి పొగ వచ్చును. లైనరును లేతులో పెద్దది చేయించుటయో, క్రొత్తది వేయుటయో చేయవలెను. నీటివైపు బయటి గోడకు పట్టిన తుప్పును గీకి, రబ్బరు వాషర్లు కూర్చుండు గాడులను బాగుగా పరీక్షింపవలెను. అచట గుంటలున్నచో నీరు నూనెలోనికి దిగును.

క్రాంకుషాఫ్టు: బేరింగు నడచు మెడలు ఇంజనునకు ప్రాణస్థానములు. మచ్చ యున్నను గోరు జారినచో, కొలత సరిపోయినచో నిర్భయముగా వాడవచ్చును. గుంటలున్నచో లేతు షాపులో సానపట్టింపవలెను. ఒక్కొక్క మెట్టునకు పావు మిల్లీమీటరు చొప్పున తగ్గించుట వాడుక; ఆ కొలతకు సరిపోవు బేరింగులు దొరకును. కావున గుంటపడిన క్రాంకుషాఫ్టును చూచిన వెంటనే పాతసామానునకు వేయరాదు. సానకు ఇంకను లోహమున్నదా అని అడుగవలెను.

కనెక్టింగురాడ్డు బోల్టులు: ఇవి చిన్నవి, వెల తక్కువవి. కాని వీనిలో ఒకటి తెగినచో రాడ్డు క్రాంకుకేసును పగులగొట్టి బయటికి వచ్చును; దగ్గరనున్న మనిషికి ప్రాణాపాయము. మరపై గుంటతుప్పు కనబడిన బోల్టును ఎంత మెరిపించినను మరల వాడరాదు.

వాల్వు స్ప్రింగులు: స్ప్రింగు తీగపై చిన్న గుంట ఉన్నను, నిమిషమునకు వందలసార్లు నొక్కుపడుటచే అచటనే విరుగును. తెగిన స్ప్రింగు వలన వాల్వు పిస్టనుపై పడును. మార్చుటయే మేలు.

బంతుల బేరింగులు: బంతులపైగాని, అవి నడచు దారిపైగాని తుప్పు కనబడినచో దానిని రుద్ది లాభము లేదు. పారవేయవలెను. చేతితో త్రిప్పినప్పుడు గరగర మన్నను అట్లే.

డీజిలు పంపు ప్లంజరు, నాజిలు: వీని జంటభాగముల నడుమ సందు తలవెంట్రుక మందములో పదవ వంతుకన్న తక్కువ. వీనిని ఎమరీతో తాకినచో చెడినట్లే. మచ్చ పడి బిగిసినచో జంటగా మార్చవలెను. ఒక పంపు ప్లంజరును మరియొక పంపు గొట్టములో వేయరాదు.

కాంషాఫ్టు, ట్యాపెట్లు, పిస్టను పిన్ను: నునుపైన గట్టి ముఖములపై గుంటలున్నచో మార్చవలెను. మచ్చలున్నచో భయము లేదు. ట్యాపెట్లను విప్పినప్పుడే వరుస సంఖ్యలు కట్టి, ఆ వరుసలోనే తిరిగి వేయవలెను.

పిస్టను: అల్యూమినియముతో చేసినదగుటచే దీనికి ఎఱ్ఱతుప్పు పట్టదు, తెల్లని పొడి లేచును. కిరసనాయిలులో నానవేసి మెత్తని కుంచెతో తీసిన చాలును. రింగుల గాడులలో ఇనుప పనిముట్టుతో గట్టిగా గీకరాదు. రింగులు వెల తక్కువవి. తుప్పు గట్టిగా పట్టినచో క్రొత్తవి వేయుటే లాభము.

క్రాంకుకేసు, ఫ్లైవీలు, మూతలు, కాళ్లు: ఇవి బరువైన పోతలు. వీని వెలుపలి తుప్పు చూచి దిగులు పడవలదు. గీకి రంగు వేసిన చాలును. రెండు భాగములు కలియు చదును ముఖములను మాత్రము గీతలు పడకుండ శుభ్రపరుపవలెను.

శుద్ధి చేయు విధానములు

అన్నిటికంటె మొదట మెత్తని పద్ధతిని పట్టవలెను. అది చాలనప్పుడే గట్టిదానికి పోవలెను.

మొదటి మెట్టు, కిరసనాయిలుగాని డీజిలుగాని. భాగమును ఒక రాత్రి నానవేసి, ఉదయమున ఇత్తడి తీగల కుంచెతోగాని, ముతక గుడ్డతోగాని రుద్దవలెను. పైతుప్పులో చాలభాగము దీనితోనే పోవును. మంటను దరికి రానీయరాదు.

రెండవ మెట్టు, సన్నని ఎమరీ కాగితము. ఆరువందల నంబరుగాని అంతకన్న సన్ననిదిగాని నూనెలో తడిపి వాడవలెను. క్రాంకుషాఫ్టు మెడపై కాగితమును పట్టీగా చుట్టి, రెండు కొసలు పట్టి, కవ్వపు త్రాటిని లాగినట్లు గుండ్రముగా ఆడింపవలెను. పొడవునా రుద్దినచో పడు గీతలు బేరింగును అరగదీయును. ముందుగా నూనె రంధ్రములను గుడ్డముక్కలతో మూయవలెను. పని ముగిసిన తరువాత గుడ్డలు తీసి, గాలి ఊది, కిరసనాయిలుతో కడుగవలెను. ఎమరీ రేణువు ఒక్కటి రంధ్రములో మిగిలినను మెత్తని బేరింగు లోహములో దిగబడి, మెడను ఆకురాయి వలె కోయుచుండును. కొయ్యకు వాడు ఇసుక కాగితమును ఇంజను దరికి తేరాదు.

లైనరు లోపలి గోడను నూనె తడిపిన సన్నని కాగితముతో గుండ్రముగా, కొంచెము ఏటవాలుగా రుద్దవలెను. తరువాత కిరసనాయిలుతో కడిగిన చాలదు. సూక్ష్మరేణువులు పోత ఇనుపు రంధ్రములలో నిలిచియుండును. వేడినీటిలో సబ్బు కలిపి కుంచెతో తోమి, తెల్లని గుడ్డతో తుడిచిన గుడ్డ తెల్లగానే వచ్చువరకు కడుగవలెను. పిదప వెంటనే ఆరబెట్టి నూనె పట్టింపవలెను. ఇచట వెంటనే యను మాటను గమనింపుడు. శుభ్రమైన ఇనుము నగ్నమైన ఇనుము. దానికి కొద్ది నిమిషములలోనే మరల ఎఱ్ఱపొర వచ్చును. అందుచే నూనె గిన్నెను ప్రక్కన సిద్ధము చేసికొనిన తరువాతనే కడుగుట మొదలిడవలెను.

మూడవ మెట్టు, పులుపు. బజారులో దొరకు నిమ్మ ఉప్పు యాబది గ్రాములు లీటరు నీటిలో కరిగించి, గట్టిగా తుప్పుపట్టిన పోత భాగములను, బిగింపు పట్టీలను, మామూలు బోల్టులను కొన్ని గంటలు నానవేయవచ్చును. గంటకొకసారి తీసి చూడవలెను. మరచినచో పులుపు మంచి ఇనుమును కూడ తినును. తీసిన తరువాత చాకలి సోడా కలిపిన నీటిలో ముంచి, వేడినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయవలెను. మన ఇండ్లలో ఇత్తడి బిందెలు తోము చింతపండు కూడ ఈ జాతిదే. కాని దానితో ఉప్పు కలుపు అలవాటు ఇనుము విషయమున మానవలెను. స్ప్రింగులు, రింగులు, బేరింగులు, గట్టి ఉక్కు బోల్టులు వీనిని పులుపులో వేయరాదు. అందు పుట్టు జలవాయువు గట్టి ఉక్కులోనికి చొచ్చి దానిని పెళుసు చేయును. పైకి తళతళలాడుచునే లోపల బలము పోగొట్టుకొన్న స్ప్రింగు తుప్పుపట్టిన దానికన్న అపాయకరము.

నాలుగవది, బెల్లపు మడ్డి. మడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపిన తొట్టిలో పోత ఇనుప భాగములను వారము రెండు వారములు ముంచినచో తుప్పు మెత్తబడి ఊడిపోవును. తొందర లేనివారికి ఇది చౌకయైన పద్ధతి. దుర్వాసన కలుగును గనుక ఇంటికి దూరముగా ఉంచవలెను. అల్యూమినియము భాగములను ఇందులో వేయరాదు.

కాస్టిక్ సోడాను గురించి ఒక హెచ్చరిక. జిడ్డు వదలించుటకు కొందరు దీనిని మరిగించి వాడుదురు. పిస్టను వంటి అల్యూమినియము వస్తువు అందులో పడినచో కరగిపోవును. కంటికి, చేతికి కూడ అది మిక్కిలి ప్రమాదకరము.

వెలుపలి పోతలకు మన అడవులలో దొరకు కరక్కాయ ఉపయోగపడును. పూర్వము కరక్కాయ కషాయమును అన్నభేదితో కలిపి సిరా చేసెడివారు. అన్నభేది ఇనుప లవణము. కరక్కాయలోని వగరు దానితో కలసి నల్లబడును. ఆ రీతిగనే చిక్కని కషాయమును గీకిన తుప్పుపై పూసినచో మిగిలిన సన్నని తుప్పు నల్లని గట్టిపొరగా మారును. అంగళ్లలో అమ్ము తుప్పు మార్చు ద్రావకములలో కొన్ని ఈ వగరుతోను, కొన్ని భాస్వరామ్లముతోను చేసినవే. ఆరిన తరువాత రెడాక్సైడు రంగు వేయవలెను. ఇది పైముఖములకే గాని, రాపిడి పడు ముఖములకు కాదు.

విప్పిన భాగములను భద్రపరచుట

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? పై శ్రమయంతయు తప్పించుకొను మార్గము, విప్పిన దినముననే భాగములను కాపాడుట. దీనికి పట్టు సమయము ఒక్క గంట.

ప్రతి భాగమును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరిన పిదప క్రొత్త ఇంజను నూనెగాని గ్రీజుగాని దట్టముగా పట్టింపవలెను. ఇంజనునుండి దించిన నల్లనూనెను వాడరాదు. అది ఉచితముగా దొరకుచున్నదని మనవారందరు వాడుదురు. కాని అందులో కాలిన డీజిలు వలన చేరిన ఆమ్లము, తేమ, మసి యుండును. అది కాపాడుటకు మారుగా కొరుకును. ఒక ఇంజను భాగములన్నిటికి పూయుటకు పావు లీటరు మంచి నూనె చాలును. పదివేల రూపాయల వస్తువును కాపాడుటకు పావు లీటరు నూనెకు వెనుదీయుట పొదుపు కాదు.

నూనె పూసిన తరువాత వట్టి చేతితో పట్టరాదు. మైనపు కాగితములోగాని, తుప్పు నివారక కాగితములోగాని చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగింపవలెను. నూనె లేకుండ వట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టినచో లోపలి తేమ బయటికి పోలేక మరింత కీడు చేయును. గోనెసంచి, ఊక, రంపపు పొట్టు ఇవి తేమను పట్టియుంచును గనుక ఇనుమును వానిలో పూడ్చరాదు. నేలపైగాని, సిమెంటు గచ్చుపైగాని పెట్టక, చెక్కపలకపై ఉంచవలెను.

చిన్న భాగములకు మూత బిగుసుకొను ఇనుప డబ్బా మేలు. అడుగున ఒక గిన్నెలో పావు కిలో నీరు తగలని రాతిసున్నమును వేసి, గుడ్డ కప్పి పెట్టినచో అది డబ్బాలోని తేమను పీల్చివేయును. సున్నము పొడిగా రాలినప్పుడు మార్చవలెను. సున్నము ఇనుమును తాకరాదు; పిల్లలకు అందరాదు. ప్లంజరు, నాజిలు వంటి వానిని శుభ్రమైన డీజిలు నింపిన సీసాలో, జంట విడదీయక, మూతవేసి ఉంచవలెను. క్రాంకుషాఫ్టును ఒక మూలకు వాల్చి పెట్టక, నిలువుగా నిలిపి కట్టవలెను, లేదా దిమ్మలపై సమముగా ఆనించి పరుండబెట్టవలెను.

వారమునకొకసారి సంచి విప్పి చూచుట మరువరాదు. ఎక్కడనైన ఎఱ్ఱచుక్క కనబడినచో ఆ దినమున గుడ్డతో పోవును. నెల గడచినచో లేతు షాపునకు పోవలసివచ్చును.

వరదలో మునిగిన ఇంజను

మన జిల్లాకు వరద క్రొత్త కాదు. 2022 జూలైలో గోదావరి పొంగి కన్నెపల్లి పంపుహౌసు నీట మునిగినది. 2023 జూలై చివర చిట్యాలలో ఒక్క దినముననే 616 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసినది. 27వ తేదీన మోరంచవాగు మోరంచపల్లి గ్రామమును ముంచగా జనులు ఇండ్ల కప్పులెక్కి ప్రాణములు కాపాడుకొనవలసివచ్చినది. కొందరు ప్రాణములు కోల్పోయిరి. మనుష్యులు, పశువులు క్షేమమైన పిదపనే యంత్రముల మాట. అయినను వరద తీసిన తరువాతి మొదటి రెండు దినములే ఇంజను బ్రతుకునో చచ్చునో నిర్ణయించును.

నీటిలో ఉన్నంతవరకు ప్రాణవాయువు తక్కువగుటచే తుప్పు మెల్లగా సాగును. నీరు తీసి గాలి తగిలిన గడియనుండి వేగమందుకొనును. కావున ఇంజను ఆరిన తరువాత చూతమని కూర్చుండరాదు. దానిని హ్యాండిలుతో త్రిప్పి చూడనే రాదు. సిలిండరులో నీరు నిలిచియుండును. నీరు గాలివలె నొక్కుపడదు. త్రిప్పినచో కనెక్టింగురాడ్డు వంగును, హెడ్డు పగులును. మొదట నాజిలును తీసి, నూనెను, డీజిలును, నీటిని పూర్తిగా దించివేయవలెను. మంచినీటితో బురద కడిగి, తరువాత డీజిలుతో కడిగి, సిలిండరులోను, క్రాంకుకేసులోను మంచి నూనె పోసి, మెల్లగా చేతితో ఒకటి రెండు చుట్లు త్రిప్పవలెను. విప్పి చూచుటకు మేస్త్రీ దొరకుటకు పది దినములు పట్టినను, ఇంతవరకు చేసిన ఇంజను చాలవరకు దక్కును. ఇందేదియు చేయని ఇంజనునకు మాత్రము చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును.

సంఘము చేయదగిన పని

మైక్రోమీటరు, భూతద్దము, మంచి ఎమరీ కాగితము, తుప్పు నివారక నూనె డబ్బా ఇవి ఒక్కొక్క రైతు కొనదగినవి కావు. ఏడాదికొకసారి మాత్రమే అక్కరకు వచ్చును. ఇట్టి వానిని పదిమందికి కలిపి ఒకటి కొనుటకే సహకార సంఘమున్నది. సంఘపు గిడ్డంగిలో ఒక పెట్టెయందు వీనిని ఉంచి, పుస్తకములో వ్రాసి ఇచ్చి పుచ్చుకొనుచుండినచో ప్రతి గ్రామమునకు లాభము. ఇంజను విప్పిన సభ్యుడు క్రొత్త సామాను కొనుటకు అప్పు అడుగకముందు, తుప్పుపట్టిన భాగములను తెచ్చి ఇద్దరు అనుభవజ్ఞుల ఎదుట గోటి పరీక్షకు, కొలతకు పెట్టు ఆచారము ఏర్పరచుకొనిన, అక్కరలేని అప్పు కొంత తగ్గును. ఎట్లనగా, క్రాంకుషాఫ్టు చెడినదని ఎవరో చెప్పగా ఒక రైతు క్రొత్తదానికి అప్పు చేయబోయెననుకొందము. మెడపై గోరు జారి, మైక్రోమీటరు కొలత సరిపోయినచో అప్పుతో పనిలేదు. గోరు తట్టుకొన్నచో సానపట్టు కూలితో సరిపోవును. రెండు విధములను రైతునకే మిగులు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

విప్పిన దినముననే కడిగి, మంచి నూనె పూసి, చుట్టి ఉంచుడు. ఎరువుల దగ్గర, కొట్టములో, నేలపై పెట్టకుడు. తుప్పు కనబడినచో భయపడక కిరసనాయిలుతో తుడిచి గోటితో చూడుడు. గోరు జారినది ఉంచుడు, తట్టుకొన్నది కొలువుడు. బోల్టు, స్ప్రింగు, బంతుల బేరింగు, పంపు ప్లంజరు విషయమున లోభింపకుడు. మెత్తని పద్ధతితో మొదలిడుడు. కడిగిన వెంటనే నూనె రాయుడు.

వచ్చు వేసవిలో ఇంజను విప్పదలచిన సభ్యులు, పానా చేతబట్టుటకు ముందే నూనె, కాగితము, డబ్బా, సున్నము సిద్ధపరచుకొందురు గాక. తుప్పునకు చోటు దొరకునది మనము పని మధ్యలో విడిచిన దినములలోనే.